గేర్‌బాక్సు దించే ముందు

లారీ క్లచ్చు పోయిందని ఎవరు ఫోను చేసినా నేను ముందు ఓదార్చను, ప్రశ్నలు వేస్తాను. లోడు మీద ఉన్నారా, ఖాళీ బండా? పొద్దున తీసినప్పుడే ఇలా ఉందా, కొంత దూరం నడిచాక మొదలైందా? ఇంజను రేజవుతున్నా బండి లాగడం లేదా, లేక అసలు గేరే పడటం లేదా? పెడలు ఎంత లోతుకు వెళ్తే పట్టు వదులుతోంది? బండి కింద ఎక్కడైనా తడి ఉందా? అవతలి మనిషి రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఉంటాడు కాబట్టి విసుక్కుంటాడు. విసుక్కున్నా సరే, ఈ అయిదింటికీ జవాబు లేకుండా పాన పట్టుకోవడం నాకు నచ్చదు.

నాకున్నది ఒక్కటే బండి. 2006 మోడల్, ఆరు టైర్లు, పదహారు టన్నుల తరగతి. గుంటూరు నుంచి నంద్యాల, కర్నూలు వైపు వెళ్తుంది. తిరుగు లోడు ఎక్కువగా బేతంచెర్ల నాపరాయి. నేను కామర్సు చదివినవాణ్ణి, మెకానిక్కును కాను. కానీ ఒక్క బండి మీద ఇల్లు నడిచేవాడికి మెకానిక్కు చెప్పే మాట నిజమో కాదో తేల్చుకునేంత జ్ఞానమైనా ఉండాలి. క్లచ్చు ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉంటుంది: ఇంజను వెనక తిరిగే ఫ్లైవీల్ అనే చక్రానికి, లైనింగ్ ఉన్న ప్లేటును ప్రెషర్ ప్లేటు అదిమి పట్టుకుంటుంది, పెడలు నొక్కితే ఆ పట్టు వదులుతుంది. వీటిని చూడాలంటే గేర్‌బాక్సు దించాలి. దించితే మజూరీ ఒక ఎత్తు, బండి షెడ్డులో పడుకున్న రోజుల బాడుగ మరో ఎత్తు. దించిన తరువాత ‘ఎలాగూ దించాం కదా’ అనే పాట మొదలవుతుంది. ప్లేటు మార్చేద్దాం, ప్రెషర్ ప్లేటు కూడా, బేరింగు కూడా, సీళ్లు కూడా. లోపల అన్నీ బాగానే ఉన్నాయని తేలినా, ఆ మాట యజమాని చెవిన వేసే షెడ్లు తక్కువ. కొత్త సామాను వేసి పంపుతారు. అసలు లోపం బయట ఎక్కడో ఉంటే అది మాత్రం బండితో పాటే ఇంటికి వస్తుంది.

పోయిన వేసవిలో మా డ్రైవరు నుంచి ఫోను వచ్చింది. ఆయన మా నాన్న బండికి క్లీనరుగా చేరిన మనిషి, నేను బాబాయ్ అనే పిలుస్తాను. నంద్యాల నుంచి గిద్దలూరు వచ్చే దారిలో గాజులపల్లె దాటాక నల్లమల ఘాటు మొదలవుతుంది. నాపరాయి లోడుతో ఆ ఎక్కుడు ఎక్కుతున్నాడు.

“బాబూ, ఇంజను అరుస్తోంది గానీ బండి ఎక్కడం లేదు. వాసన కూడా వస్తోంది.”

“పొద్దున నంద్యాలలో ఎలా ఉంది బాబాయ్?”

“పొద్దున రాయిలా లాగింది. గంటన్నర నడిచాక మొదలెట్టింది. పక్కకు ఆపి టీ తాగి వచ్చాను, మళ్లీ బాగానే లాగింది. ఇప్పుడు మళ్లీ అదే గోల.”

ఇంజను తిరుగుడు పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందని అర్థం, అందులో సందేహం లేదు. ఎందుకు జారుతోందనేది వేరే ప్రశ్న. లైనింగ్ అరిగిపోయిన ప్లేటు వేడెక్కితే ఇంకా జారుతుంది, కానీ టీ తాగి వచ్చేలోగా మొదటిలా కోలుకోదు. అరిగింది తిరిగి మొలవదు కదా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పూర్తి పట్టు, వేడెక్కితే జారుడు, చల్లారితే మళ్లీ పట్టు. ఈ లెక్క వింటే నా కళ్లు ప్లేటు మీదికి పోవు, పెడలు నొక్కుడును క్లచ్చు దాకా చేర్చే క్లచ్చు ఆయిల్ మీదికి పోతాయి.

బాబాయ్ ఎలాగో కింది గేర్లలో ఘాటు దాటించి గిద్దలూరు చేర్చాడు. అక్కడ చూసిన మెకానిక్కు ప్లేటు అయిపోయిందన్నాడు, దించడానికి జాకీ కూడా సిద్ధం చేశాడు. నేను వచ్చేదాకా పాన ముట్టుకోవద్దని చెప్పి రాత్రి బస్సు ఎక్కాను.

క్లచ్చు ఎందుకు లోడు మీదే, అదీ పై గేరులోనే ముందు జారుతుందో తెలిస్తే సగం పరీక్షలు మనమే చేసుకోవచ్చు. మొదటి గేరులో ఇంజను బలాన్ని గేర్‌బాక్సు ఎన్నో రెట్లు పెంచి చక్రాలకు ఇస్తుంది. బండి కదలడానికి క్లచ్చు మోయాల్సిన భారం తక్కువ. పై గేరులో ఆ సాయం ఉండదు, ఎక్కుడు బరువంతా దాదాపు నేరుగా ప్లేటు మీద పడుతుంది. అందుకే ఖాళీ బండితో షెడ్డు ముందు ఒక చుట్టు తిరిగి ‘బాగానే ఉంది’ అనడం పరీక్ష కాదు. పరీక్ష అంటే ఇది: చదునైన చోట బండి నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, పై గేరు వేసి, కొంచెం రేజు ఇచ్చి పెడలు నిదానంగా వదలాలి. పట్టున్న క్లచ్చు అయితే ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూ ఉంటే జారుతున్నట్టే. ఇది ఒక్కసారి చేయాల్సిన పరీక్ష. పది మంది చూడటానికి పదిసార్లు చేస్తే మిగిలిన లైనింగ్ అక్కడే కాలిపోతుంది.

గిద్దలూరులో పొద్దున చల్లని బండి మీద ఈ పరీక్ష చేస్తే ఇంజను టక్కున ఆగింది. మెకానిక్కు మొహంలో కొంచెం అనుమానం కనిపించింది, మంచి మనిషే. లోడుతోనే బండిని మార్కాపురం దారిలో తిప్పి, జారుడు మొదలయ్యాక ఆపాం. నేను కిందికి దూరి, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్చును నెట్టే స్లేవ్ సిలిండరు మీద, గాలి బయటికి తీసే ఎయిర్ నిపుల్‌ను పావు చుట్టు వదులు చేశాను. పెడలు మీద ఎవరి కాలూ లేదు. మామూలుగా అయితే ఆయిల్ బొట్లుగా కారాలి. అది సన్నటి ధారగా ఎగజిమ్మింది. నిపుల్ బిగించి పైకి వచ్చి, బాబాయ్‌ని బండి తీయమన్నాను. జారుడు లేదు.

కాలు తీసేసినా పైపులో ఒత్తిడి నిలిచి ఉందన్నమాట. పెడలు నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండరులో ఆయిల్ డబ్బా కిందుగా పెసర గింజ కూడా దూరని సన్న రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీసినప్పుడు పిస్టను పూర్తిగా వెనక్కి వస్తే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ దాని గుండా డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. పెడలుకూ పిస్టనుకూ మధ్య ఉన్న రాడ్డుకు కొంచెం కూడా ఆట, అంటే ఖాళీ కదలిక, లేకపోతే పిస్టను ఆ రంధ్రం దాకా వెనక్కి రాదు. బండి నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, పోయే దారి లేక స్లేవ్ సిలిండరును నెడుతుంది. అంటే ఎవరూ నొక్కకుండానే క్లచ్చు కొద్దిగా నొక్కినట్టు ఉంటుంది. టీ తాగేలోగా ఆయిల్ చల్లారుతుంది, పట్టు తిరిగి వస్తుంది. బ్రేకులు పట్టేసి చక్రాలు వేడెక్కే జబ్బు కూడా చాలాసార్లు ఇదే.

రాడ్డు ఆట ఎలా పోయింది? బాబాయ్‌ని నిదానంగా అడిగితే బయటికి వచ్చింది. అంతకు కొన్నాళ్ల ముందు గేరు సరిగా పడటం లేదని దారిలో ఒక షెడ్డు దగ్గర ఆపాడు. పెడలు చాలా కిందికి వెళ్తోందని అక్కడ రాడ్డు పొడుగు చేసి పెడలు పైకి తెచ్చారు. గేరు పడింది, అందరూ సంతోషించారు. అసలు పెడలు కిందికి ఎందుకు వెళ్తోంది? మాస్టర్ సిలిండరులో రబ్బరు వాషరు అరిగి, నొక్కిన ఆయిల్ పక్కనుంచి వెనక్కి జారుతోంది. అంటే మొదటి జబ్బు క్లచ్చు వదలకపోవడం, దానికి చేసిన వైద్యం వల్ల రెండో జబ్బు క్లచ్చు జారడం. రెండూ క్యాబిను కింద చేతికి అందే చోటే ఉన్నాయి. రబ్బరు కిట్టు వేసి, రాడ్డుకు తగినంత ఆట ఇచ్చి, పాత ఆయిల్ తీసేసి కొత్తది పోసి, గాలి తీశాం. గేర్‌బాక్సు బోల్టు ఒక్కటి కూడా తాకలేదు.

ఇలా పైపైన కనిపించే లక్షణం వెనక ఇంకొకటి ఉండటం పాత బండ్లలో మామూలు. ఎవరో ఎప్పుడో ఏదో సర్ది ఉంటారు. అందుకే బండి నా చేతికి వచ్చినప్పటి నుంచి ఒక పుస్తకంలో రాస్తున్నాను: ఏ ఊళ్లో, ఎవరు, ఏ నట్టు ఎటు తిప్పారు. బాబాయ్‌కి ఆ పుస్తకం అంటే చిరాకు. బండి జాతకమా అంటాడు.

ఇక వదలని క్లచ్చు సంగతి. ఇది తరచుగా గేర్‌బాక్సు జబ్బులా కనిపిస్తుంది, అదే చిక్కు. మొదటి గేరు, రివర్సు వేసేటప్పుడు పళ్లు కొరికినట్టు చప్పుడు వస్తుంది. ముందుగా ఇంజను ఆపి గేర్లు వేసి చూడాలి. ఆపినప్పుడు అన్నీ సాఫీగా పడి, ఇంజను తిరుగుతున్నప్పుడే పడకపోతే లోపం క్లచ్చు వైపు ఉంది. ఆపినా పడకపోతే గేరు రాడ్డు, లింకులు, బుష్‌లు, లేదా గేర్‌బాక్సు లోపల చూడాలి. తరువాత ఇంజను స్లోలో ఉంచి, న్యూట్రల్‌లో పెడలు పూర్తిగా నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టి రివర్సు వేయాలి. రివర్సుకే ఎందుకంటే పాత లారీల్లో దానికి సాధారణంగా సింక్రో (గేరు పడే ముందు వేగాలు కలిపే ఏర్పాటు) ఉండదు, అబద్ధం చెప్పదు. ఆ పది లెక్కపెట్టే లోపు, ప్లేటు నుంచి గేర్‌బాక్సు లోపలికి వెళ్లే షాఫ్టు తిరగడం ఆగాలి. ఆగలేదంటే ప్లేటు ఇంకా ఎక్కడో రాసుకుంటోంది.

ఎక్కడ అని వెతికే ముందు పెడలు దగ్గర కూర్చోండి. నొక్కినప్పుడు మెత్తగా, స్పాంజిలా ఉండి, రెండుసార్లు వెంటవెంటనే కొడితే గట్టిపడుతుందా? గాలి చేరింది. నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగుతోందా? మాస్టరు రబ్బరు పోయింది. దీనికి మంచి పరీక్షా స్థలం గుంటూరు-విజయవాడ దారిలో కాజ టోల్‌గేటు వరుస. గేరులో పెట్టి క్లచ్చు నొక్కి నిలబడ్డ బండి తనంతట తాను ముందుకు పాకుతుంటే రబ్బరు సెలవు అడుగుతున్నట్టే. ముందు బండి వెనక రాసిన ‘దూరం పాటించండి’ దగ్గరగా కనిపిస్తుంది.

తరువాత ఒకరిని పెడలు నొక్కమని, మీరు కింద కూర్చుని స్లేవ్ సిలిండరు రాడ్డు ఎంత కదులుతోందో చూడాలి. స్కేలు పెట్టి కొలవండి, బండి మాన్యువల్‌లో ఉన్న కొలతతో పోల్చండి. కదలిక సరిపడా లేకపోతే లోపం రాడ్డుకు ఇవతలే: ఆయిల్, రబ్బర్లు, రబ్బరు పైపు, పెడలు బుష్. రబ్బరు పైపు పాతబడితే నొక్కినప్పుడు బెలూనులా ఉబ్బి ఆ ఒత్తిడిని తానే మింగేస్తుంది. చేత్తో పట్టుకుంటే ఉబ్బు తెలుస్తుంది. పెడలు బిగించిన క్యాబిను రేకు పగిలి ఉంటే పెడలు నొక్కినప్పుడు రేకే ముందుకు వంగుతుంది. పాత బండ్లలో ఇది నేను కళ్లారా చూశాను, ఎవరూ అటు చూడరు. కదలిక సరిగ్గా ఉండీ క్లచ్చు వదలకపోతే అప్పుడు లోపల అనుమానించాలి: స్లేవ్ రాడ్డు నెట్టే ఫోర్కు వంగడం, ప్లేటు వంకర పోవడం, ప్లేటు బోలు (షాఫ్టు దూరే మధ్య భాగం) పళ్లు తుప్పు పట్టి షాఫ్టు మీద జరగకపోవడం, షాఫ్టు కొనను ఫ్లైవీల్ మధ్యలో పట్టే పైలట్ బేరింగు పట్టేయడం. వానాకాలంలో నెలల తరబడి కదలకుండా పెట్టిన బండిలో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కే అతుక్కుపోతుంది కూడా.

పెడలు తేలిక చేసే గాలి బూస్టరు ఉన్న బండ్లకు ఇంకో రెండు మాటలు. ట్యాంకులో గాలి తక్కువ ఉంటే పెడలు బరువుగానే ఉంటుంది, గాలి నిండనిచ్చి చూడాలి. పెడలు నొక్కి పట్టుకున్నప్పుడు బూస్టరు దగ్గర బుస్సుమని చప్పుడు ఆగకుండా వస్తుంటే లోపల సీలు పోయింది. కాలు తీశాక గాలి పూర్తిగా బయటికి పోకపోతే పైన చెప్పిన జారుడు జబ్బే మరో దారిలో వస్తుంది.

ఆయిల్ విషయంలో మాత్రం నాకు కోపం ఆగదు. క్లచ్చు డబ్బాలో పోసేది బ్రేక్ ఆయిల్, మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. రోడ్డు మీద డబ్బా ఖాళీ అయితే ఇంజను ఆయిల్ పోసి ‘ఆయిల్ ఆయిలే కదా’ అనే మహానుభావులు ఉన్నారు. పెట్రోలియం నూనె తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఉబ్బిన రబ్బరు ఇందాక చెప్పిన సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. ఇక మాస్టరు, స్లేవు రెండింటి రబ్బర్లూ, పైపూ మార్చి మొత్తం కడగాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కూడా. డబ్బా మూత తీస్తే కాఫీ రంగు కనిపిస్తే దాన్ని మార్చే రోజు దాటి చాలా కాలం అయిందని అర్థం. పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

చప్పుళ్లు. ఇవి నాకు ఇష్టమైన భాగం, ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా చెవులతోనే తేలిపోతాయి. ఇంజను స్లోలో, గేరు న్యూట్రల్‌లో, కాలు పెడలు మీద లేకుండా వినండి. అప్పుడు గరగర ఉండి, పెడలు నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ముందు షాఫ్టు బేరింగు మీద అనుమానం. ఎందుకంటే నొక్కినప్పుడు ఆ షాఫ్టు తిరగడం ఆగుతుంది. దీనికి వ్యతిరేకంగా, కాలు తీసినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, పెడలును వేళ్లతో నొక్కినంత సున్నితంగా తాకగానే కీచుమంటే, పట్టు వదిలించడానికి ప్రెషర్ ప్లేటు వేళ్లను నెట్టే రిలీజ్ బేరింగు. మూడోది కొంచెం గడుసుది. పెడలు పూర్తిగా నొక్కి గేరు వేసి బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు పైలట్ బేరింగుది. ఫ్లైవీల్ తిరుగుతూ షాఫ్టు ఆగి ఉన్నప్పుడే ఆ బేరింగుకు పని. మిగతా సమయంలో రెండూ కలిసే తిరుగుతాయి కాబట్టి అది ఎంత చెడిపోయినా నోరెత్తదు. ఈ మూడూ కలగాపులగంగా చెప్పి ‘బేరింగు చప్పుడు’ అని షెడ్డుకు వెళ్తే, వాళ్లు ముందుగా రిలీజ్ బేరింగే మారుస్తారు. అది కిట్టులో దొరుకుతుంది కాబట్టి.

రిలీజ్ బేరింగు ముందే చావడానికి ఎక్కువగా డ్రైవరు కాలే కారణం. పెడలు మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉంటే బేరింగు రోజంతా తిరుగుతూ ఉంటుంది, ప్లేటు కూడా కొద్దికొద్దిగా జారుతుంది. ఎక్కుడులో బ్రేకు వేయకుండా సగం క్లచ్చు మీద బండిని నిలబెట్టే నేర్పరితనం చూడటానికి బాగుంటుంది, దాని ఖరీదు యజమానికి తెలుస్తుంది. మా బాబాయ్ సింక్రో లేని గేర్‌బాక్సుల కాలం మనిషి. గేరుకు గేరుకు మధ్య న్యూట్రల్‌లో ఒకసారి పెడలు వదిలి మళ్లీ నొక్కే పాత పద్ధతి ఇప్పటికీ ఆయన కాలిలో ఉంది. గేరు మార్చాక కాలు పూర్తిగా పక్కకు తీస్తాడు. అందుకే ఆయన చేతిలో ప్లేట్లు చాలా కాలం నిలుస్తాయి. ఆయన సెలవు పెట్టినప్పుడు వచ్చే కుర్రవాళ్లకు నేను చెప్పేది చెబుతూనే ఉంటాను.

బండి కదిలేటప్పుడు గడగడ వణుకు వస్తే వెంటనే ప్లేటును తిట్టకండి. ఇంజను ఫౌండేషన్ రబ్బర్లు, గేర్‌బాక్సు ఫౌండేషన్, జాయింట్ షాఫ్టు క్రాసులు, మధ్య బేరింగు, వెనక కమాను పట్టీల యూ బోల్టులు, ఇవన్నీ ముందు చూడాలి. ఏ ఒక్కటి వదులైనా వణుకు అలాగే ఉంటుంది. ఇవన్నీ గట్టిగా ఉండి వణుకు ఉంటే లైనింగ్‌కు ఆయిల్ తగిలిందనో, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలు ఉన్నాయనో అనుకోవచ్చు.

ఆయిల్ తగిలిందో లేదో దించకుండానే కొంత తెలుసుకోవచ్చు. క్లచ్చు హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం లేదా మూత ఉంటుంది. అక్కడ పొడి దుమ్ము ఉంటే సరే. తడిగా ఉంటే వేలికి రాసుకుని వాసన చూడండి. నల్లగా, పలుచగా ఉంటే ఇంజను వెనక ఆయిల్ సీలు. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్‌బాక్సు ముందు సీలు. ఏ సీలు కారుతోందో తెలియకుండా కొత్త ప్లేటు వేస్తే ఆ కొత్త ప్లేటు కూడా కొన్నాళ్లకే నూనెలో వేయించిన అప్పడం అవుతుంది.

ఇన్ని చూశాక కూడా లోపం లోపలే అని తేలితే, అప్పుడు దించాలి, వెనకాడకూడదు. రివెట్లు తగులుతుంటే ఇంకో ట్రిప్పు అని ఆశపడటం దండగ. రివెట్లు ఫ్లైవీల్‌ను గీకేస్తే లేత్ ఖర్చు అదనం. మూడేళ్ల కిందట మా బండికి అలా ఒకసారి నిజంగానే దించాల్సి వచ్చింది, ఇంజను వెనక సీలు కారి. విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. 1960లలో ఏర్పడిన ఆ ఊళ్లో ఊరు లాంటి చోట ఒక వీధిలో గేర్‌బాక్సు పని, పక్క వీధిలో లేత్, ఇంకో వీధిలో లైనింగ్ రివెట్లు కొట్టేవాళ్లు. ఒక బండికి కావాల్సిన వైద్యులంతా నడక దూరంలో ఉంటారు. నేను ఆ రోజు స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నాను. యజమాని కూర్చుంటే పని నిదానం అవుతుందని మేస్త్రీ అన్నాడు. నిదానం కావడమే నాకు కావాలి.

హౌసింగ్ తెరవగానే కుర్రాడు గాలి పైపు పట్టుకుని దుమ్ము ఊదబోయాడు. ఆపించాను. పాత లైనింగుల్లో రాతినార వాడేవారు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడి గుడ్డతో తుడవమన్నాను. ఊదితే అర నిమిషం, తుడిస్తే పది నిమిషాలు. ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో.

విప్పిన సామానును వరుసగా కింద పేర్చి చూస్తే బండి ఎలా నడిచిందో తెలుస్తుంది. లైనింగ్ రెండు వైపులా సమంగా అరిగితే ఆయుష్షు తీరి పోయింది. ఒక వైపే అరిగితే ప్లేటు షాఫ్టు మీద సాఫీగా జరగడం లేదు. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు ఉంటే బాగా వేడెక్కి జారింది. ప్రెషర్ ప్లేటు వేళ్ల కొనలు లోతుగా అరిగితే ఆట లేకుండా బేరింగు ఆనుకుని నడిచింది. ప్లేటు మధ్య స్ప్రింగులు వదులై గలగలమంటే క్లచ్చును ఒక్కసారిగా వదిలే కాలు ఎవరిదో ఉంది. మా దాంట్లో లైనింగ్ నల్లగా, జిగటగా, ఫ్లైవీల్ వైపు ఎక్కువగా తడిసి ఉంది. సీలు మాట నిజమని తేలింది.

బిగించేటప్పుడు నేను కన్నార్పకుండా చూసేవి కొన్ని ఉన్నాయి. ప్లేటు మీద ఏది ఫ్లైవీల్ వైపో రాసి ఉంటుంది, తిరగేసి వేస్తే బండి షెడ్డు గేటు దాటదు. ప్లేటును మధ్యకు సరిచేయడానికి పాత షాఫ్టు ముక్క పెట్టాలి, కంటి అంచనా పనికిరాదు. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి తరువాతది అందుకుంటే కవరు వంకర పోతుంది. లివర్లు ఉన్న రకం అయితే అన్ని వేళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలవాలి. గేర్‌బాక్సును ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడనివ్వకూడదు. ఆ ఒక్క క్షణానికే కొత్త ప్లేటు బోలు వంగుతుంది, కొత్త క్లచ్చు మొదటి రోజే వదలడం మానేస్తుంది. షాఫ్టు పళ్లకు గ్రీసు పలుచగా, తుడిచేసినట్టు పూయాలి. ఎక్కువైతే తిరుగుడుకు ఎగిరి లైనింగ్ మీద పడుతుంది. కొత్త రిలీజ్ బేరింగును డీజిల్‌లో ముంచి కడగడం కొందరికి శుభ్రత అనిపిస్తుంది. అది లోపల గ్రీసు నింపి మూసిన బేరింగు. డీజిల్ ఆ గ్రీసును కడిగేస్తుంది.

ఫ్లైవీల్ ఫేసింగ్, అంటే లేత్ మీద ముఖం చెక్కి చదును చేయడం, చేయిస్తే ఒక సంగతి అడగాలి. కొన్ని ఫ్లైవీళ్లు చదునుగా ఉంటాయి, కొన్ని గిన్నెలా లోతుగా ఉండి అంచు మీద ప్రెషర్ ప్లేటు కూర్చుంటుంది. గిన్నె రకంలో ప్లేటు ఆనే ముఖం నుంచి ఎంత తీశారో, అంచు నుంచి కూడా అంతే తీయాలి. లేకపోతే ప్రెషర్ ప్లేటు దూరమై పట్టు తగ్గుతుంది, అన్నీ కొత్తవి వేసినా జారుతూనే ఉంటుంది. ఆటోనగర్ లేత్ ఆయనకు ఇది నేను చెప్పనక్కర్లేకపోయింది. అడగగానే ‘రెండూ తీశానయ్యా, కొలుచుకో’ అని వెర్నియర్ చేతికిచ్చాడు.

ఇప్పుడు క్యాబినులో సీటు కింద ఒక డబ్బా ఉంటుంది. మాస్టరుకు, స్లేవుకు రబ్బరు కిట్లు, సీలు తీయని బ్రేక్ ఆయిల్ సీసా, నిపుల్‌కు సరిపోయే పాన, గాలి తీసేటప్పుడు బుడగలు కనిపించేలా మూరెడు పారదర్శక పైపు, ఒక ఖాళీ సీసా. ఆ చోటు తన పచ్చడి జాడీదని బాబాయ్ గొడవ పెట్టుకున్నాడు. జాడీ ఇప్పుడు నాపరాయి బిల్లుల పక్కన, డ్యాష్‌బోర్డు అరలో ఉంది.